తుఫాను కొండ ఎక్కదా?



తుఫాను అంటే సముద్రం ఒడ్డునున్న వాళ్ల బాధ అని మన ఊళ్లలో చాలామంది అంటారు. మొన్న డార్మిటరీలో కూడా ఇదే వాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. దాటాక అక్కడే ఆగిందా? పాడేరు, అరకు కొండలమీద కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లను వరసగా పడగొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటింది. (తిత్లీ అంటే సీతాకోకచిలుక అట. పేరు మాత్రం బాగుంది.) ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన సంగతి అందరికీ తెలుసు. ఒడిశాలో గజపతి జిల్లా సంగతి తక్కువమందికి తెలుసు. అక్కడ బరఘర అనే కొండ ఊరివాళ్లు వానకు భయపడి గుహలాంటి చోట తలదాచుకున్నారు. కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఆ జిల్లాలో మన సవరలు చాలామంది ఉన్నారు.

నేననేది ఏమిటంటే, రేడియోలో చెప్పే హెచ్చరిక సముద్రం వైపు తిరిగి చెప్పే హెచ్చరిక. "ఓడరేవులో 3వ నంబరు ప్రమాద హెచ్చరిక" అంటారు. 1 నుండి 11 దాకా ఉన్న ఆ నంబర్లు ఓడల కోసం. "లోతట్టువారు మెరక ప్రాంతాలకు వెళ్లండి" అంటారు. మనం మెరకమీదే ఉన్నాం, ఇంకెక్కడికి ఎక్కుతాం? ఏ కొండ వార ఉండకూడదు, ఏ గెడ్డ దాటకూడదు అన్నది మనకు కావాలి. ఫోనుకు మెసేజీ వస్తుంది కదా అని ఒక మిత్రుడన్నాడు. మా ఊళ్లో సిగ్నలు కావాలంటే చింతచెట్టు దాకా పోవాలి. ఆ గాలిలో చింతచెట్టు కిందికి ఎవరు పోతారు?

అందుకని మన జాగ్రత్త మనమే ముందుగా చేసుకోవాలి. దసరా సెలవుల్లో చూద్దాంలే అంటే కుదరదు. హుద్‌హుద్ దసరా వెళ్లిన పది రోజుల లోపే వచ్చింది. తిత్లీ దసరాకు వారం ముందే వచ్చేసింది. వినాయకచవితికి ఇంటికి వెళ్లినప్పుడే పని మొదలెట్టాలి.

గడ్డి ఇల్లైతే గాలి ముందు చూరు పట్టుకుని లేపుతుంది. చూరు దగ్గర వాసాల కట్లు చెదలు తిన్నాయేమో చూసి కొత్తగా కట్టాలి. రేకుల ఇల్లు ఇంకా ప్రమాదం. ఎగిరే రేకు కత్తితో సమానం. మావాళ్లు రేకులమీద రాళ్లు పెడతారు. అది నాకు నచ్చదు, రేకు లేస్తే రాయి మన నెత్తినే పడుతుంది. హుక్కులు బిగించి, పైనుండి తాళ్లు అడ్డంగా వేసి నేలలో పాతిన గుంజలకు కట్టడం మేలు. ఇంటిమీదికి వంగిన మునగ కొమ్మలు ముందే కొట్టేయాలి. గాలి మొదలవగానే పశువుల పలుపులు విప్పేయాలి. శాల కూలితే కట్టేసి ఉన్నది తప్పించుకోలేదు.

కాగితాల సంగతి కొంచెం ఎక్కువ చెప్తాను. తిత్లీ అప్పుడు నేను చిన్నదాన్ని. మా ఇంటి కప్పు సగం పోయింది. తడిసిన బియ్యం అమ్మ ఆరబెట్టింది, వాసన వచ్చినా తిన్నాం. కాగితాలు మాత్రం ఆరబెట్టినా పనికిరాలేదు. గుడ్డసంచిలో వేసి వాసానికి వేలాడదీసిన పోడు పట్టా, రేషన్ కార్డు, అన్నయ్య కులధ్రువపత్రం అన్నీ ముద్దయిపోయాయి. ఆ ఒక్క ధ్రువపత్రం కోసం అన్నయ్య ఆరుసార్లు కొండ దిగాడు. ఆరు రోజుల కూలి పోయింది. ఒక ఆఫీసులో "పాతది చూపిస్తే కొత్తది ఇస్తాం" అన్నారట. పాతది ఉంటే ఆయన ఎందుకు వెళ్తాడు? కాబట్టి కాగితాలు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టాలి. ఒక్కో జిరాక్సు మన ట్రంకు పెట్టెలో ఉండాలి. కులధ్రువపత్రం జిరాక్సు అడ్మిషన్ అప్పుడు ఎలాగూ తీసుకుంటున్నారు, దాంతోపాటు పట్టా, రేషన్ కార్డు జిరాక్సులు కూడా ఆఫీసు బీరువాలో ఉంచమని వార్డెన్ గారిని కోరుతున్నాను.

కంది, సామ విత్తనాలు అటకమీదే దాస్తాం. కప్పు ఎగిరితే ముందు తడిసేది అటకే. సగం విత్తనం శ్లాబు ఇల్లున్న చుట్టాల దగ్గర ఉంచితే మంచిది.

ఇక కొండచరియలు. మా తాత చెప్పినవీ, సైన్సు మాస్టారు చెప్పినవీ ఒకటే అయ్యాయి. గెడ్డ నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, నేల బీటలు వేసినా, చెట్లు ఒక పక్కకి ఒరిగినా ఆ వార ఉండకూడదు. వాన జోరుగా పడుతుండగానే గెడ్డలో నీళ్లు తగ్గాయనుకోండి, సంతోషించకండి. పైన మట్టి పడి నీరు ఆగిందన్నమాట, అది ఒక్కసారిగా తెగుతుంది.

చివరగా వార్డెన్ గార్లకు ఒక మనవి. తుఫాను అని సెలవు ప్రకటిస్తారు. పట్నం పిల్లలకు సెలవంటే ఇంట్లో కూర్చోవడం. మనలో కొందరికి మూడు గెడ్డలు దాటి నడవడం. ఆ రోజు ఎవరినీ పంపకండి సార్, పిల్లలు ఏడ్చినా పంపకండి. ఈ మాటకి కొందరికి నామీద కోపం వస్తుంది, రానివ్వండి. మన డార్మిటరీ శ్లాబు, మన ఇళ్లకన్నా గట్టిది. మూడు రోజుల సరుకులు, నిండా ట్యాంకు నీళ్లు, కొవ్వొత్తులు ఉంటే దగ్గర ఊళ్ల ముసలివాళ్లను కూడా ఇక్కడికే పిలవొచ్చు. ఇంటి పని ముందే అయిపోయి ఉంటే ఆ రోజు ఇంటికి పరుగెత్తాలని మనకీ అనిపించదు. ఈ శనివారం ఔటింగుకు వెళ్లేవాళ్లు తలా రెండు ప్లాస్టిక్ కవర్లు పట్టుకెళ్లండి. చిల్లులు లేనివి చూసి మరీ తీసుకోండి.

— 9వ తరగతి విద్యార్థిని