తూకంలో ముందు తేలిపోయేది మన చీరలేనా?

పదిహేను కిలోలంటే ఎంత? వంటింట్లో బియ్యం డబ్బా నింపేటప్పుడు అదో బరువే అనిపించదు. నెల గడవడానికి చాలదే అనుకుంటాం కూడా. అదే పదిహేను కిలోల్లో రెండు నెలల మకాం సర్దుకొమ్మంటే మాత్రం చుక్కలు కనిపిస్తాయి. చవక విమానం టికెట్టు మీద కూతురి పురుటికో, కోడలి పురుటికో బయలుదేరిన ఏ తల్లినైనా అడిగి చూడండి, నా మాట అబద్ధమంటుందేమో!

మాది హనుమకొండ. మా అమ్మాయికి పుణెలో ఉద్యోగం. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ. కానీ డాక్టరమ్మ ప్రయాణం వద్దన్నది. నేనే రైల్లో నిదానంగా వెళదామని అనుకుంటుండగా, పోయిన వేసవిలో ఒకరోజు రాత్రి ఫోను వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది, ఎల్లుండే ఆపరేషను అని. అల్లుడు అప్పటికప్పుడు విమానం టికెట్టు కొని పంపించాడు. అందులో సామాను గురించి ఏం రాసి ఉందో నేను చూడలేదు. చూసినా, ఆ చిన్న ఇంగ్లీషు అక్షరాలు నా కళ్లజోడుకు అందేవి కావు.

ఒక్క పూటలో పెట్టె సర్దాను. బాలింత కాయం, వెల్లుల్లి కారం, చపాటా మిరప కారంతో కలిపిన కొత్త ఆవకాయ, నువ్వుల ఉండలు, పాత నూలు చీరలు చింపి కుట్టిన బొంతలు, పొత్తిగుడ్డలు. ఇంతలో వియ్యపురాలు మనిషి చేత ఒక మూట పంపింది. విప్పి చూస్తే ఇత్తడి ఉయ్యాల గొలుసులు! వాళ్లింట్లో మూడు తరాల పిల్లలు ఊగినవట. ఆ గొలుసుల బరువే మూడు కిలోల పైన ఉంటుంది. వద్దని ఎట్లా అంటాం? పెట్టె అడుగున పెట్టాను.

శంషాబాద్‌లో మా ఆయన గేటు దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. టికెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వరు కదా. కౌంటరు దగ్గర పెట్టె తూకం మీద పెట్టగానే ఎర్రంకెలు పంతొమ్మిదిన్నర చూపించాయి. "మేడమ్, పదిహేనే అలవెన్సు. నాలుగున్నర కిలోలు ఎక్కువుంది. డబ్బులు కడతారా, తీస్తారా?" అంది ఆ అమ్మాయి. ఎంతమ్మా అని అడిగితే రెండు వేల అయిదు వందల పైన చెప్పింది. నా గుండె జారిపోయింది. మా ఆయనకు ఫోను చేస్తే, "నేను జెప్పలేదానే, గిన్ని ఎందుకని? ఇన్నవా నువ్వు?" అని ఒకటే కేకలు.

పక్కకు జరిగి, అందరూ చూస్తుండగా నేల మీద పెట్టె తెరిచాను. నా వెనక వరుసలో ముప్పై మంది. లోబట్టలతో సహా నా సంసారమంతా నలుగురి కళ్ల ముందు పరుచుకుంది. ఆ రోజు పడిన సిగ్గు ఇప్పటికీ మరచిపోలేను. ఏది తీయాలి? గొలుసులు తీస్తే వియ్యాలవారికి కోపం. కాయం తీస్తే బాలింతకు ఎట్లా? ఆవకాయ తీస్తే అల్లుడు నొచ్చుకుంటాడేమో. బొంతలు పసిగుడ్డువి. మిగిలింది నావి. ఆరు నూలు చీరలు, శాలువా, ఇంట్లో వేసుకునే మెత్తని చెప్పులు, చదువుకుందామని పెట్టుకున్న రెండు నవలలు, నడుం నొప్పికి డాక్టరు కట్టుకోమన్న బెల్టు. ఒక సంచిలో కుక్కి, గేటు దగ్గరున్న జవానును బతిమాలి, బయట నిలబడ్డ మా ఆయన చేతికి అందించాను. ఇప్పుడు పెట్టె సరిగ్గా పదిహేను తూగింది!

పుణెలో మూడు చీరలతో రెండు నెలలు గడిపాను. వారం తిరక్కుండానే, మనవరాలికి కాళ్ల మీద నీళ్లు పోసి లేస్తుంటే నడుం పట్టేసింది. మంచం మీద నుంచి మా అమ్మాయి, "అమ్మా, నీ బెల్టేది?" అన్నది. తూకం కథ చెప్పాను. అది నవ్వలేదు. "ఆవకాయ పుణెలో కూడ అమ్ముతరమ్మా. నీ నడుం అమ్ముతరా?" అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. బరువుకు నియమం ఉండటం అన్యాయం కాదు. విమానానికి ప్రతి కిలో లెక్కే. బరువు పెరిగితే ఇంధనం ఖర్చు పెరుగుతుంది. ఎంత బరువు ఎక్కడ పెట్టాలో చూసుకున్నాకే విమానం లేస్తుంది. మన దేశంలో 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్ మొదలుపెట్టి చవక విమానాలకు దారి తీయకపోతే, నాలాంటి వాళ్లు విమానం ఎక్కేవాళ్లే కాదు. చవక విమానం అంటేనే సీటుకు ఒక ధర, తిండికి ఒక ధర, కిటికీ పక్కన కూర్చోవడానికి ఒక ధర, బరువుకు ఒక ధర. సామాను లేనివాళ్లకు టికెట్టు తగ్గించి అమ్ముకోవచ్చని 2021లో విమానయానాన్ని చూసే డీజీసీఏ కూడా అనుమతించింది. ఒక చిన్న సంచితో వెళ్లే కుర్రవాడు నా పచ్చడి సీసాల ఖర్చు ఎందుకు మోయాలి? నిజమే కదా.

మరి బాధ ఎక్కడ? ఆ కుర్రవాడు తన కోసం ప్రయాణం చేస్తాడు. మనం చాలాసార్లు ఇంకొకరి కోసం ప్రయాణం చేస్తాం. మన పెట్టెలో ఉండేవి మనవి కావు. మనం రైలుకు అలవాటుపడినవాళ్లం. కాజీపేటలో ఎక్కితే స్లీపరు క్లాసులో ఒక్కొక్కరికి నలభై కిలోలు ఉచితం. ఆ అలవాటుతో విమానానికి వెళ్తే, పెద్ద పెట్టె పదిహేను, చేతిసంచి ఏడు అంటారు. తేడా ఎంతో చూడండి! ఈ సంగతి టికెట్టు కొనేటప్పుడు మన భాషలో, పెద్ద అక్షరాల్లో చెబితే వాళ్ల సొమ్మేం పోతుంది? వరుసలో నిలబడక ముందే, అందరికీ కనిపించే చోట ఒక తూకం పెట్టి, పెట్టె విప్పుకోవడానికి ఒక తెర కడితే ఎంత ఖర్చవుతుంది? ఆడవాళ్ల బట్టలు నడిదారిలో పరిపించే నియమం ఏ పుస్తకంలోనూ లేదు. అది నిర్లక్ష్యమే.

ధర సంగతి కూడా ఉంది. 2016లో డీజీసీఏ పదిహేను దాటి ఇరవై కిలోల దాకా కిలోకు వంద రూపాయలకు మించి వసూలు చేయొద్దని చెప్పింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2017లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ధర కంపెనీల ఇష్టమే అయింది. కనీసం పసిపిల్లలతో, బాలింతలతో, వాళ్లకు తోడుగా వెళ్లేవాళ్లకు ఒక అయిదు కిలోలు వదిలిపెట్టమని మనం అడగకూడదా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కంపెనీ పెడుతుందా?

కౌంటరులో ఉన్న ఆ అమ్మాయి మీద మాత్రం నాకు కోపం లేదు. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఒకరికి వదిలేస్తే ఇంకొకరు ఊరుకోరు. పొద్దుటి నుంచి ఎన్ని తిట్లు తిన్నదో పాపం. ఆమెతో వాదించి లాభం లేదు. మనం తెలుసుకుని వెళ్లడమే లాభం.

అందుకే నేను ఆలస్యంగా నేర్చుకున్నవి మీకు ముందుగా చెబుతున్నాను. కొక్కెం కాంటా ఒకటి కొనుక్కోండి. పెట్టెను దానికి తగిలించి ఇంట్లోనే తూచుకోవచ్చు. మన కాంటాకూ వాళ్ల కాంటాకూ తేడా ఉండొచ్చు కాబట్టి అర కిలో తక్కువే పెట్టుకోండి. ఖాళీ పెట్టె బరువు కూడా చూసుకోండి. కొన్ని పెట్టెలు ఏమీ పెట్టకుండానే నాలుగు కిలోలుంటాయి. బరువు ఎక్కువవుతుందని ముందే తెలిస్తే, టికెట్టు కొన్నచోటే అదనపు కిలోలు కొనుక్కోవచ్చు. కౌంటరు దగ్గర కట్టేదాని కంటే అది తక్కువ పడుతుంది. ఒకే టికెట్టు మీద ఇద్దరు వెళ్తుంటే ఇద్దరి బరువూ కలిపి చూడమని అడగండి. పర్సు, దారిలో పసిపిల్లకు పట్టే పాలు, ముసలివాళ్ల చేతికర్ర చేతిసంచి లెక్కలోకి రాకూడదు. ఎవరైనా కాదంటే నెమ్మదిగా గుర్తుచేయండి. ఊరగాయ పెద్ద పెట్టెలోనే, అది కూడా నూనె కారకుండా కట్టి పెట్టండి. ఎండుకొబ్బరి మాత్రం పెద్ద పెట్టెలో పెట్టొద్దు. నూనె ఉండి మంట అంటుకునే వస్తువని తీసేస్తారు. ఫోనుకు చార్జింగు ఎక్కించే పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి.

ఇవన్నీ కాంటాతో తీరే సంగతులు. తీరనిది ఇంకొకటుంది. బరువు తగ్గించాల్సి వచ్చిన ప్రతిసారీ మన చెయ్యి మన వస్తువు మీదికే ఎందుకు వెళ్తుంది? ఆ రోజు నా చీరలు తియ్యమని కౌంటరు అమ్మాయి చెప్పలేదు. మా ఆయన చెప్పలేదు. వియ్యపురాలూ చెప్పలేదు. నేనే తీశాను. నా బెల్టు కంటే ఆవకాయ సీసా ముఖ్యమని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. విమానంలోనే కాదు, ఇంట్లోనూ అంతే కదా! ఖర్చు తగ్గించాలంటే ముందు మన మందులు, కూర చాలకపోతే ముందు మన వాటా, గది చాలకపోతే ముందు మన పడక. దాన్ని త్యాగమని మెచ్చుకునేవాళ్లుంటారు. కానీ నడుం పట్టేసి నేను నాలుగు రోజులు మంచం ఎక్కితే, బాలింతరాలే లేచి నాకు కాఫీ కలిపిచ్చింది. ఆ త్యాగం ఎవరికి పనికొచ్చింది చెప్పండి?

వియ్యపురాలికి ఫోను చేసి, "వదినా, గొలుసులు బరువైతున్నయి, అన్నయ్య వచ్చేటప్పుడు తెస్తరా?" అని ఒక్క మాట అడిగితే పోయేది. తరవాత అడిగితే ఆమె, "అయ్యో, గదేం మాట వదినా, నాకు జెప్పకపోతివి!" అన్నది. అడగకుండానే ఆమె నొచ్చుకుంటుందని నేనే అనుకున్నాను. బరువులో సగం మనం ఊహించుకున్నదే.

మన మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం మూతబడి దశాబ్దాలు దాటింది. దాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. రేపు అక్కడ విమానాలు దిగితే, పల్లెల నుంచి కూడా ఎందరో తల్లులు మొదటిసారి పెట్టె పట్టుకుని వస్తారు. వాళ్లు నేల మీద కూర్చుని బట్టలు తీసుకునే పరిస్థితి రాకుండా కంపెనీలూ చూడాలి, కొడుకులూ కూతుళ్లూ టికెట్టు కొన్న రోజే అమ్మకు ఫోను చేసి లెక్క చెప్పాలి.

వచ్చే నెల మనవరాలి మొదటి పుట్టినరోజు. పెట్టె మళ్లీ దించాను. ఈసారి అందరికంటే ముందు నా బెల్టు, నా మందులు, నా చీరలు సర్దుకున్నాను. ఆ తరవాత మిగిలిన చోటులోనే సకినాలు. తొమ్మిది కిలోలు సకినాలకు తక్కువేమీ కాదు లెండి!