కాగ్నిటివ్ సైన్స్‌కు చిన్న కళాశాలే దిక్కు

మనిషి ఎలా ఆలోచిస్తాడు? పసిబిడ్డకు మాట ఎలా వస్తుంది? ఈ ప్రశ్నలకు ఒక్క శాస్త్రం జవాబు చెప్పలేదు. మనస్తత్వ, భాషా, తత్వ, నాడీ శాస్త్రాలకు కంప్యూటర్ తోడైతేనే కాగ్నిటివ్ సైన్స్. ఇందులో ప్రపంచంలోనే తొలి డిగ్రీ పట్టాను 1982లో ఇచ్చింది పెద్ద విశ్వవిద్యాలయం కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ అనే చిన్న కళాశాల. శాఖలు చిన్నవైతే అధ్యాపకులు ఒకరి గదికి మరొకరు వెళ్లక తప్పదు. ఈ చదువుకు కావలసిందీ అదే. అయితే తలా ఒక పేపరు చదివి ఏదీ లోతుగా రాని ప్రమాదమూ ఉంది. గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ గట్టిగా పట్టుబడాల్సిందే.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి ప్రత్యేక కేంద్రం ఉంది. అక్కడికి దారి మాత్రం గ్రామీణ డిగ్రీలో కానరాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏళ్ల తరబడి డిగ్రీ అంటే ఎంపీసీ, బీజడ్‌సీ వంటి మూడు సబ్జెక్టుల మూటే. 2023-24లో సింగిల్ మేజర్ విధానం తెచ్చి, వేరే శాఖ సబ్జెక్టును మైనర్‌గా జోడించే వీలు కల్పించారు. సైకాలజీ బోధించేవారే లేని చోట ఆ వీలు కాగితం దాటదు. భాషాశాస్త్రం చదివిన తెలుగు అధ్యాపకులు, కంప్యూటర్ అధ్యాపకులు ఒకే ప్రాంగణంలో ఉన్నా ఉమ్మడి కోర్సు పెట్టలేరు. పాఠ్యప్రణాళిక విశ్వవిద్యాలయానిది. అనుబంధ కళాశాలకు ఒక్క ఉమ్మడి పేపరైనా సొంతంగా రూపొందించుకునే అధికారం ముందు ఇవ్వాలి.