ఇంజను విప్పిన బండి

“ఏరా, ఇంజను చేయించిన బండంటే మంచిదా, చెడ్డదా?” అని పోలవరం నుంచి మా అక్క ఫోను చేసింది. విషయమేమిటంటే, మా మేనల్లుడు ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. కూడబెట్టిన జీతమంతా పెట్టి పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొంటానని పట్టుబట్టాడు. డబ్బున్నవాళ్ల పిల్లలకి స్పోర్ట్సు కారెలాగో, మా గోదావరి కుర్రాళ్లకి ఆ బండి అలాగ. మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అంటే అన్నిటికంటే చిన్న ఆర్‌ఎక్స్ కూడా మావాడికంటే వయసులో పెద్దదే!

“ఇంజను మొత్తం చేయించేశారంట మావయ్యా. కొత్త బండి కిందే లెక్కంట” అన్నాడు ఫోను లాక్కుని. ఆ రెండు “అంట”లు వినగానే నాకు అనుమానం వచ్చింది. ఆదివారం బస్సెక్కాను.

అసలు ఇంజను చేయించడమంటే ఏమిటి? సిలిండరు లోపలి గోడ అరిగిపోతే దాన్ని కోసి కాస్త వెడల్పు చేస్తారు. అందులోకి ఆ మేరకు లావు పిస్టను, కొత్త రింగులు వేస్తారు. దీన్నే బోరింగు అంటారు. ఈ బండికి కంపెనీ ఇచ్చిన కొలత 50 మిల్లీమీటర్లు. ఒక్కో బోరింగుకి పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. నాలుగోసారికి 51 అవుతుంది. ఆపైన మామూలుగా పిస్టన్లు దొరకవు. కొత్త బ్లాకు వెయ్యాలి, లేదా లోపల స్లీవు దింపాలి. కాబట్టి “బోరింగు చేయించాం” అంటే సరిపోదు. ఎన్నోది అన్నదే అసలు ప్రశ్న.

ఆ ఊరి మెకానిక్కుని వెంటబెట్టుకుని వెళ్లాం. అమ్మేవాడు చాలా మర్యాదస్తుడు. మేం వెళ్లేసరికే బండి స్టార్టు చేసి సిద్ధంగా ఉంచాడు. మెకానిక్కు అది ఆపించి, “చల్లారనివ్వండి” అని టీ తాగడానికి తీసుకుపోయాడు. వేడి మీద ప్రతి ఇంజనూ బుద్ధిమంతురాలేనట. చల్లగా ఉన్నప్పుడు ఎన్ని కిక్కులకి అందుకుంటుంది, మొదట్లో టకటకమనే చప్పుడొస్తుందా అన్నది చూడాలి. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే క్రాంకు సీలు పోయి గేరాయిలు లోపలికి పీలుస్తోందేమోనని చూసుకోవాలి. తర్వాత ఇద్దరం ఎక్కి ఏటిగట్టు మీదికి పోనిచ్చాం. పరుగు బాగానే ఉంది. మావాడి మొహం వెలిగిపోయింది.

“ఎన్నిసార్లు బోరింగు చేయించారు?” అని అడిగాను. “ఒక్కసారేనండి” అన్నాడు. “బిల్లుందా?” అంటే, “అబ్బే, తెలిసినవాడి దగ్గరే చేయించామండి” అన్నాడు. మెకానిక్కు నాలుగు నట్లు విప్పుతాననేసరికి అమ్మేవాడు కాస్త గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. హెడ్డు ఊడదీసి పిస్టను మీద మసి తుడిస్తే అంకె కనబడింది. 100. అంటే పూర్తి మిల్లీమీటరు పెంచేసిన ఆఖరి సైజన్నమాట. ఒక్కసారి చేయించిన బండికి ఆ అంకె ఎందుకుంటుంది? ఆయన సమాధానం చెప్పలేదు. మావాడు నేల చూపులు చూశాడు.

ఇది డబ్బు సంగతే కాదు. ఇలాంటి టూ స్ట్రోకు బండికి ఆయిలు సరిగా అందకపోయినా, పిస్టనుకీ గోడకీ మధ్య ఉండాల్సిన సందు లేకుండా బోరింగు చేసినా, వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. వేగంలో ఉండగా పట్టేస్తే వెనక చక్రం ఉన్నపళాన బిగుసుకుపోతుంది. క్లచ్చి నొక్కేలోపే మనిషి రోడ్డు మీద ఉంటాడు. మా అక్క భయం అదే.

రెండువారాల తర్వాత మరో బండి చూశాం. యజమాని రిటైరైన మాస్టారు. అడక్కముందే, “ఇంజను రెండుసార్లు విప్పించానండి. మొదటిసారి ఆయిలు పొయ్యడం మర్చిపోయి నేనే పాడుచేశాను. రెండోది మామూలు అరుగుదల” అంటూ పాత డైరీలోంచి రెండు బిల్లులూ తీశారు. హెడ్డు విప్పితే అంకె 50. లెక్క సరిపోయింది.

కాగితాల దగ్గరా అంతే జాగ్రత్త కావాలి. ఇంజను చేయించినప్పుడు ఒక్కోసారి కేసు కూడా మారుస్తారు. నంబరుండేది దాని మీదే. అందుకని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సి-బుక్కుతో అంకె అంకె సరిచూశాం. రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లకి ఇస్తారు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూసి అయిదేళ్లకోసారి పొడిగిస్తారు. మాస్టారు అవన్నీ చేయించి ఉంచారు. 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాయి. ఈ పని వాయిదా వెయ్యకూడదు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మేవాళ్లూ గుర్తుంచుకోవాల్సిన మాటిది.

ఊరి అరుగుల మీద మా బేరం గురించీ చర్చ జరిగింది. పోలవరం వాళ్లకి ఇలాంటి చర్చ కొత్త కాదు. 2020 వరదల్లో ప్రాజెక్టు డయాఫ్రం వాల్ దెబ్బతిన్నాక, దాన్నే బాగుచెయ్యాలా, కొత్తది కట్టాలా అని నిపుణులు ఏళ్ల తరబడి తర్జనభర్జన పడ్డారు. చివరికి 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలెట్టారు. అంత పెద్ద గోడకైనా, ఇంత చిన్న సిలిండరుకైనా ముందు తేలాల్సింది ఎక్కడ ఎంత పాడైందన్నదే కదా!

ఇంతకీ మా అక్క ప్రశ్నకి జవాబు... ఇంజను విప్పడం తప్పు కాదు. ఎందుకు విప్పారో, ఎవరు విప్పారో, ఎన్నిసార్లు విప్పారో దాచడమే తప్పు. ఒక్కసారే విప్పామన్న బండి వదిలేసి, రెండుసార్లు విప్పామన్న బండి, అదీ నాలుగు వేలు ఎక్కువిచ్చి కొన్నాం.

మాస్టారు తాళంతోపాటు రెండు బిల్లులూ చేతిలో పెట్టి, “మూడోది నీ పేరున రాయించుకో బాబూ. పారెయ్యకు” అన్నారు. మావాడు వాటిని సి-బుక్కులో దాచాడు. మా అక్క మాత్రం ముందు ఆయిలు డబ్బా కొనుక్కు రమ్మంది.