గుల్ల లేని దేవతకు గుల్లే దిక్కు!

వానాకాలం వస్తే చాలు, వెంకటగిరికోట పక్క పల్లెల్లో తడిగోడల మీద, కూరపాదుల్లో గుల్ల లేని నత్తలు జిగురు చారలు గీస్తూ తిరుగుతుంటాయి. వాటిని చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. కానీ వాటి దూరపు చుట్టం ఒకటి ఉత్తరాన మంచు సముద్రాల్లో ఉంది. దాన్ని చూసినవాళ్లు మాత్రం ముచ్చటపడి ‘సీ ఏంజెల్’... అంటే సముద్రపు దేవత అని పేరు పెట్టుకున్నారు!

శాస్త్రవేత్తలు పిలిచే పేరు క్లయోన్ లిమాసినా. ఆర్కిటిక్, ఉత్తర అట్లాంటిక్ చల్లటి నీళ్లే దీని ఇల్లు. బాగా పెరిగితే ఏడెనిమిది సెంటీమీటర్లు. ఒళ్లంతా గాజులా పారదర్శకం. లోపలి అవయవాలు మాత్రం ఎర్రగా, నారింజరంగులో మెరుస్తుంటాయి. మామూలు నత్త పాకడానికి వాడే పాదమే దీనికి రెండు రెక్కలైంది. వాటిని ఆడిస్తూ నీళ్లలో ఎగురుతున్నట్టే ఈదుతుంది. పుట్టినప్పుడు చిన్న గుల్ల ఉంటుంది కానీ కొద్దిరోజుల్లోనే వదిలించుకుంటుంది.

1773లో ఉత్తరధ్రువం వైపు ఓడల్లో వెళ్లిన బ్రిటిష్ నౌకాధికారి కాన్‌స్టంటైన్ ఫిప్స్, మరుసటి ఏడాది అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఈ జీవిని వర్ణించారు. ధ్రువపు ఎలుగుబంటికి శాస్త్రీయ నామం దక్కిందీ ఆ పుస్తకంలోనే.

పేరుకు దేవతే కానీ వేటకు దిగితే రాక్షసే. దీని ఆహారం దాదాపుగా ఒకే ఒక్కటి... ‘సీ బటర్‌ఫ్లై’ అనే మరో ఈదే నత్త. దానికి మాత్రం పల్చటి గుల్ల ఉంటుంది. అది తగలగానే దేవతగారి తల విచ్చుకుని ఆరు చేతులు బయటికొస్తాయి. గుల్లను ఒడిసిపట్టి, సన్నటి కొక్కేలతో లోపలి మాంసాన్ని లాగి తినేసి, ఖాళీ గుల్లను వదిలేస్తుంది.

చిక్కంతా ఆ గుల్లతోనే వచ్చింది. అది సున్నపు పదార్థం. సున్నపురాయి పొడి మీద నిమ్మరసం పిండితే ఏమవుతుంది? బుసబుసమని పొంగి కరుగుతుంది. మనం వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు పావు వంతును సముద్రాలే పీల్చుకుంటున్నాయి. సోడాలో గ్యాస్ కలిసినట్టే అది నీళ్లలో కలిసి ఆమ్లమవుతోంది. పరిశ్రమలు మొదలైనప్పటి నుంచి సముద్రం పైపొరల్లో ఆమ్లగుణం 30 శాతం దాకా పెరిగింది. నీళ్లు ఎంత చల్లగా ఉంటే వాయువు అంత ఎక్కువగా కరుగుతుంది కాబట్టి ధ్రువాల దగ్గర ఈ బెడద మరీ ఎక్కువ. అంటార్కిటికా వైపు సముద్రంలో 2008లో పట్టిన సీ బటర్‌ఫ్లైల గుల్లలు అప్పటికే కరగడం మొదలైందని 2012లో పరిశోధకులు ప్రకటించారు.

వెంకటగిరికోట నుంచి సముద్రం చూడాలంటే చెన్నై దాకా వెళ్లాలి. ఇక ఆర్కిటిక్ మాట చెప్పేదేముంది! అయినా ఇక్కడి నుంచి టమోటా బుట్టలతో బయల్దేరే లారీ పొగకు ఆ దూరం ఒక లెక్కకాదు. గాలిలో కలిశాక అది ఏ ఊరిదో సముద్రం అడగదు కదా.

సీ బటర్‌ఫ్లైలు తగ్గితే నష్టం దేవత ఒక్కదానికే కాదు. ఉత్తర పసిఫిక్‌లో సాల్మన్ చేపపిల్లలకూ అవి ముఖ్యమైన తిండి. ఆ చేపల మీద బతికే జాలర్లూ ఉన్నారు.

అన్నట్టు, ప్రయోగశాలలో ఈ సముద్రపు దేవత ఏమీ తినకుండా దాదాపు ఏడాదిపాటు బతికింది. తన ఒళ్లు తానే కరిగించుకుంటూ, చిక్కిపోతూ! ఏడాది పస్తు ఓర్చుకునే ప్రాణమే. కానీ ఆ తర్వాతైనా తినడానికి గుల్లనత్త ఉండాలిగా!