ఆ మధ్య పిన్ను ఎందుకు తీసేశారు?

ఫెస్ట్ వచ్చిందంటే మన ఫొటోగ్రఫీ క్లబ్బులో ఫ్లాషుల గొడవ మొదలు. సీనియర్లు వదిలి వెళ్లింది ఒకటి, జూనియర్ కొత్తగా కొన్నది ఇంకొకటి. రెండూ ఒకేసారి వెలగాలి. వెలుగుతాయా?

పాతవి కాంతి సిగ్నళ్లతో మాట్లాడుకుంటాయి, కొత్తవి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో. కెనాన్ 2012లో తెచ్చిన ఎస్‌టీ-ఈ3-ఆర్‌టీ ట్రాన్స్‌మిటర్ రేడియో మాత్రమే పంపుతుంది. 2007 నాటి 580ఈఎక్స్ 2 ఫ్లాష్‌కి ఆ భాష రాదు.

అయినా రెండింటినీ కలిపే దారి ఒకటుంది. కెమెరా నెత్తిన, హాట్ షూ మధ్యలో ఉండే పిన్ను. షట్టర్ తెరుచుకోగానే అది చెప్పేది ఒక్కటే మాట: "వెలుగు". మామూలు రేడియో ట్రిగ్గర్ ఆ మాటనే మోసుకెళ్లి ఫ్లాష్‌కి అందిస్తుంది. ఎంత వెలగాలో మనమే సెట్ చేసుకోవాలి. మంచిదేగా, పని వస్తుంది!

2019లో వచ్చిన కెనాన్ 200డీ 2 కెమెరాలో ఆ పిన్నే లేదు. వెలుగును ఆటోమేటిక్‌గా లెక్కకట్టే ఫ్లాషులకు వేరే పిన్నులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ వాటి భాష కంపెనీకొకటి. మధ్య పిన్నుది అందరికీ తెలిసిన భాష. పైగా కోత పెట్టింది ఖరీదైన కెమెరాలో కాదు, కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే దాంట్లో. పాత ఫ్లాష్ బాగానే ఉన్నా బీరువాలో పడుండాల్సిందేనా? నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

రేపు మనమూ ఏదో ఒకటి డిజైన్ చేస్తాం. ఎన్ని ఫీచర్లైనా పెడదాం. పాతవాటి కోసం ఒక్క పిన్ను మాత్రం ఉంచుదాం.