ఫ్రోజెన్ 2 పిల్లల సినిమా అంటే మా అమ్మమ్మ ఒప్పుకోదు

చాలా రోజులకి పోస్ట్ పెడుతున్నా. స్కాలర్‌షిప్ గురించో, ఉద్యోగాల నోటిఫికేషన్ గురించో అనుకుంటారేమో. కాదు, ఒక బొమ్మల సినిమా గురించి. నవ్వకుండా చివరిదాకా చదవండి.

మొన్న హాస్టల్లో ఫోన్లో ఫ్రోజెన్ 2 రెండోసారి చూస్తుంటే మా రూమ్మేట్ "ఏటే, డిగ్రీకొచ్చి పిల్లల బొమ్మలు చూస్తన్నావా" అంది. దానికి అప్పుడు సమాధానం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను.

ఈ సినిమా 2019 నవంబర్‌లో వచ్చింది. అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. మా దగ్గర థియేటర్ ఎక్కడిది! తెలుగులో ఎల్సాకి నిత్యా మీనన్, చిన్నప్పటి ఎల్సాకి మహేష్‌బాబు గారి కూతురు సితార గొంతు ఇచ్చారు. ఊళ్ళో అప్పుడు నాకు తెలిసింది అంతే. 2013లో వచ్చిన మొదటి భాగం కూడా ఈ మధ్యే చూశాను. అక్కచెల్లెళ్ళ ప్రేమ, మంచు, పాటలు. బాగుంది, అంతే. రెండో భాగం మాత్రం నన్ను కూర్చోబెట్టేసింది.

కథ తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఎల్సా, అన్నాల తాత ఒక రాజు. అడవిలో నార్తుల్డ్రా అనే జనం ఉంటారు. ఆ రాజు వాళ్ళ నది మీద డ్యామ్ కట్టించి, ఇది మీకు కానుక అంటాడు. నిజానికి డ్యామ్ వల్ల అడవి బలం తగ్గుతుందని అతనికి తెలుసు. అడవి జనాన్ని చూస్తే అతనికి భయం. డ్యామ్ మా అడవిని దెబ్బతీస్తోందని వాళ్ళ పెద్ద చెప్తే, ఆయుధం లేని ఆ మనిషిని వెనక నుంచి చంపేస్తాడు. తర్వాత అడవి మొత్తం 34 ఏళ్ళు పొగమంచులో మూసుకుపోతుంది. రాజ్యంలో పిల్లలకి మాత్రం అడవివాళ్ళే మోసం చేశారని కథ చెప్తారు. చివరికి మనవరాళ్ళకి తాత చేసిన పని తెలుస్తుంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు దీన్ని అమ్మమ్మతో కలిసి చూశాను. అమ్మమ్మకి తెలుగు వచ్చు గానీ మనసులో మాట కువిలోనే వస్తుంది. మంచు గుర్రాన్ని చూసి నవ్వింది, ఓలాఫ్‌ని చూసి ఇంకా నవ్వింది. డ్యామ్ కనబడగానే నవ్వు ఆపేసింది. "ఆనకట్టా అది?" అని అడిగింది. అవునన్నాను. "కానుకేటి, ఎవులడిగారు?" అంది.

మా అమ్మమ్మ వాళ్ళ అమ్మానాన్నలు జలాపుట్ నీళ్ళకి ఊరు వదిలి పైకొచ్చినవాళ్ళు. మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు 1955లో మొదలైంది. అమ్మమ్మ అప్పటికింకా పాలు తాగే పిల్ల. ఆ ఊరిని తను చూసిన గుర్తు లేదు. అయినా ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు వాళ్ళ నాన్న చెయ్యి చాపి ఎక్కడ ఇల్లు, ఎక్కడ చింతచెట్టు అని చూపించేవాడట. ఆ డ్యామ్ పక్క కొండల్లో ఉండే మా ఊరికి కరెంటు స్తంభాలు వచ్చింది మా అమ్మ పెళ్ళయ్యాక.

పిల్లలు ఈ సినిమాలో గుర్రాన్ని, మంచుని చూస్తారు. పెద్దాళ్ళు తాతని చూస్తారు. రెండో భాగాలు ఎక్కువగా మొదటిదాన్నే మళ్ళీ వండి వడ్డిస్తాయి. ఇది మాత్రం మొదటి భాగంలో మనం ముచ్చటపడిన ఆ రాజ్యమే దేని మీద నిలబడిందని అడుగుతుంది. ఆ ప్రశ్న ఎనిమిదేళ్ళ పిల్లకి పట్టదు. పోలవరం ముంపు కోసం 2014లో ఏడు మండలాలను ఇటు కలిపినప్పుడు మన పెద్దాళ్ళు మాట్లాడుకున్న మాటలు విన్నవాళ్ళకి పడుతుంది.

ఇది ఊరికే పుట్టిన కథ కూడా కాదు. నార్తుల్డ్రా వాళ్ళని నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తరాన ఉండే సామీ ఆదివాసీలను చూసి రాసుకున్నారు. డిస్నీ కంపెనీ సామీ పార్లమెంట్లతో 2019లో ఒప్పందం రాసుకుంది, సినిమాని ఉత్తర సామీ భాషలో కూడా డబ్ చేసింది. ఆ సామీలు కూడా నార్వేలో ఆల్టా నది డ్యామ్ మీద 1979 నుంచి 1981 దాకా పోరాడారు, ఓస్లోలో నిరాహార దీక్ష చేశారు. డ్యామ్ ఆగలేదు. కానీ మొదటి ప్లాన్‌లో మునగాల్సిన మాసి అనే ఊరు మిగిలింది. 1989లో నార్వేలో వాళ్ళకంటూ సామీ పార్లమెంట్ వచ్చింది.

సినిమాలో నాకు నచ్చనిది కూడా ఉంది. అన్నా రాతి రాక్షసుల్ని రెచ్చగొట్టి డ్యామ్ పగలగొట్టిస్తుంది. ఆ వరద రాజ్యం మీదికి వస్తుంటే ఎల్సా మాయతో ఆపేస్తుంది. ఎవరికీ ఏ నష్టం లేదు! అక్కడ సినిమా భయపడింది అనిపించింది. తప్పు దిద్దాలంటే రాజ్యం ఏదో ఒకటి పోగొట్టుకోవాలి కదా. ఇంకొకటి, నార్తుల్డ్రా వాళ్ళు ఎక్కువగా చూస్తూ ఉండిపోతారు, అంతా రాజకుమార్తెలే చేస్తారు. మన సినిమాల్లో బయట నుంచి హీరో వచ్చి గూడేన్ని కాపాడినట్టే.

కానీ నేను మాత్రం ఏం పోగొట్టుకుంటాను? ఈ పోస్ట్ హాస్టల్ కరెంటుతో ఛార్జ్ చేసిన ఫోన్లోనే టైప్ చేస్తున్నా. చిన్నప్పుడు అరకు సంతకి వెళ్తే బైలదిల్లా ఇనుప ఖనిజం గూడ్స్ బళ్ళు ఒకదాని వెనక ఒకటి దిగిపోతుంటే వ్యాగన్లు లెక్కపెట్టేదాన్ని. ఇప్పుడు అవి చేరే పోర్టు ఊళ్ళోనే చదువుకుంటున్నా. ఎల్సా, అన్నాల అమ్మ అడవి మనిషి, నాన్న రాజు. చివరికి ఒకరు అడవిలో, ఒకరు ఊళ్ళో ఉండిపోతారు. నేను ఒక్కదాన్నే, రెండు చోట్లా ఎలా ఉండాలో నాకైతే తెలీదు.

అన్నా గుహలో ఒంటరిగా మిగిలిపోయే సీన్ గురించి కూడా చెప్పాలి. ఓలాఫ్ కరిగిపోయాడు, అక్క లేదనుకుంటుంది. రేపటి గురించి కాదు, ముందు ఒక్క అడుగు ఎలా వెయ్యాలా అన్నట్టు పాడుతుంది. ఫస్ట్ సెమ్‌లో ఇంగ్లీష్ పాఠాలు అర్థం కాక నాలుగు సబ్జెక్టులు పోయినప్పుడు నేను అలాగే ఉన్నా. పొద్దున్న లేచి, బకెట్ పట్టుకుని, క్యూలో నిలబడటం. అంతవరకే ఆలోచించేదాన్ని. ఆ పాట పిల్లల కోసం రాశారంటే నేను నమ్మను.

సినిమా అయిపోయాక అమ్మమ్మ "మన మాటలో లేదా ఇది?" అని అడిగింది. లేదన్నాను. సామీ వాళ్ళకి ఉందని చెప్పలేదు.

నిన్న రాత్రి రూమ్మేట్‌ని కూర్చోబెట్టి మొత్తం చూపించాను. అయిపోయాక జలాపుట్ ఎక్కడే అని అడిగి, తనే మ్యాప్ తెరిచి వెతికింది. మీ ఇళ్ళల్లో జలాపుట్, బలిమెల, పోలవరం వల్ల లేచి వచ్చిన పెద్దాళ్ళు ఉంటే, పాత ఊరి పేరు అడిగి కింద రాయండి. మా అమ్మమ్మ వాళ్ళ ఊరి పేరు ఇంకా కనుక్కుంటున్నా. తను చెప్పేది ఒకలా ఉంది, మావయ్య చెప్పేది ఇంకోలా ఉంది.