తల్లులకు ఒక మాట: పోలిక అని ఊరుకోవద్దు

హోట్గి రోడ్డు నుండి ఒక సోదరి వ్రాశారు: “మా బాబుకు ఏడవ నెల. గిలక్కాయ చూపితే ఎడమచేయే చాపుతాడు. కుడి పిడికిలి విప్పడు. ‘పుర్రచెయ్యి, తాత పోలిక’ అంటారు మా అత్తగారు. ఊరుకోవచ్చునా?”

వద్దమ్మా. చేతివాటం సాధారణంగా ఏడాదిలోపు తేలదు. రెండు మూడేండ్లకు గాని కుదుటపడదు. అంతకుముందే బిడ్డ ఒక చేతినే వాడుతుంటే, వాడని చేతిని చూడాలి. అది బిగిసి ఉన్నదా? ఆ వైపు కాలు తక్కువగా ఆడిస్తున్నాడా? తల ఒక ప్రక్కకే త్రిప్పుతున్నాడా? మెడ కండరం బిగుసుకోవడం, కాన్పులో భుజం నరం సాగడం, మెదడులో ఒక ప్రక్క దెబ్బ తగలడం, ఏదైనా కావచ్చు. ఇది దిష్టి కాదు, తల్లి తప్పు అంతకన్నా కాదు.

మంచి చేతిని కట్టివేయడం వంటి సొంత వైద్యం చేయకండి. సివిల్ ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ఇటువంటి పరీక్షలు ఉచితం, అంగన్‌వాడీలో అడగండి. మెదడు లేతగా ఉన్నప్పుడు చేయించిన వ్యాయామమే బాగా ఫలిస్తుంది.

తాత పోలికే అని తేలితే సంతోషం. పోయేది ఒక పూట బీడీల కూలి మాత్రమే.